ఏడో బోనులో పురుడు

తెల్ల ఎలుక వీపు మీద నల్ల వెంట్రుకలు మొలిచిన రోజున మా పరిశోధనశాలలో పనులన్నీ ఆగిపోయాయి. ఒకరి భుజం మీదుగా ఒకరం తొంగి చూశాం. రూపాయి బిళ్లంత కూడా లేదు ఆ మచ్చ. మెత్తగా నిగనిగలాడుతూ, పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నంత ధీమాగా ఉంది. నిజానికి ఆ చర్మం దానిది కాదు, పక్క బోనులోని నల్ల ఎలుకది. నలభై రోజుల కిందట నేనే కోసి అతికించాను. మామూలుగా అయితే పది రోజుల్లో అది ఎండి పొలుసులా రాలిపోవాలి. పరాయి చర్మాన్ని ఏ ఒళ్లూ గడప దాటనివ్వదు. ఈ ఎలుక దాటనివ్వడమే కాదు, తన నెత్తురు పోసి పెంచుతోంది.

"దిట్టిసుక్క ఎట్టినట్టున్నాది మేడమ్మా," అంది వెనక నుంచి అప్పలనర్సమ్మ.

అందరం నవ్వేశాం. అప్పలనర్సమ్మ మా ఎలుకల గది చూసుకునే మనిషి. ఇరవై రెండేళ్లుగా బోనులు కడగడం, మేత పెట్టడం, ఏ ఎలుక ఎన్ని పిల్లల్ని ఈనిందో చెప్పడం ఆవిడ పని. శ్రీకాకుళం వైపు మనిషి కాబట్టి చిన్నా పెద్దా చూడకుండా అందర్నీ నువ్వు అనే పిలుస్తుంది. నేనూ అటు దాన్నే గనక నాకది ఇంటి పిలుపులాగే ఉంటుంది.

నా పేరు దమయంతి. యాభై నాలుగేళ్లు. సూక్ష్మజీవులతో పనిచేసేవాళ్లకి శుభ్రం పిచ్చి కాస్తో కూస్తో ఉంటుంది. నాకు అది ముదిరింది. విశాఖపట్నంలోని మా ఇంట్లో తలుపు గొళ్లేలు కూడా రోజూ స్పిరిట్‌తో తుడుస్తాను. దమయంతి ఇంట్లో సూక్ష్మజీవి బతికి బట్టకట్టడం కష్టమని మా వాళ్లు నా వెనకాల అనుకుంటారు. మొహం మీదే అన్నా కాదనను.

ఆ ఎలుక చేత పరాయి చర్మాన్ని తనదనిపించిన మందు మట్టిలోంచి వచ్చింది. జనం యాత్రలకెళ్లి ప్రసాదం తెస్తారు, నేను ఎక్కడికెళ్లినా చెంచాడు మట్టి తెస్తాను. చాలా ఏళ్ల కిందట మా ఉద్దానంలో, మా తమ్ముడి జీడితోటలో ఒక మొదలు దగ్గర వాడి చేతే తవ్వించి తెచ్చిన మట్టిలో ఒక సూక్ష్మజీవి దొరికింది. పళ్లెంలో పెంచితే తెల్లగా సున్నం చల్లినట్టు పెరిగేది, మూత తీస్తే తొలకరి వాన వాసన కొట్టేది. బూజును చంపే మందు ఏదో అది తయారుచేస్తోందని ముందు సంబరపడ్డాం. బూజు మీద దాని ప్రతాపం అంతంత మాత్రమే. కానీ దానికి ఇంకో విద్య తెలుసు. ఒంట్లో కాపలా కాసే తెల్ల కణాల మీద ఒక్క చుక్క వేస్తే అవి కర్ర కింద పెట్టి కూర్చునేవి. ఆ గుణం చూసి ఎక్కడెక్కడి పరిశోధనశాలల వాళ్లూ తెప్పించుకున్నారు. గోధుమరంగు సీసాలో చిటికెడు పొడి. పైన ఎర్ర అక్షరాలతో 'పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు' అని చీటీ.

దానికి తవిటిన్ అని పేరు పెట్టాను. మట్టి తవ్వింది మా తవిటయ్య కదా మరి. వాడి పేరుకో కథ ఉంది. నా తర్వాత అమ్మకి ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. మూడోవాడు పుట్టగానే చేటలో పడుకోబెట్టి పక్కింటావిడకి ఇచ్చేసి, శేరు తవుడు కొలిచి మళ్లీ ఆవిడ దగ్గర కొనుక్కుంది. వీడు మా బిడ్డ కాదు, తవుడికి కొన్నవాడు అని చెబితే చావు మోసపోయి వెళ్లిపోతుందట. మా వైపు ఊరూరా తవిటయ్యలూ తవిటమ్మలూ ఉన్నది అందుకే. మా అమ్మ తనవాణ్ణి పరాయివాడని చెప్పి చావును నమ్మించింది. నా మందు పరాయిదాన్ని తనదేనని ఒంటిని నమ్మిస్తోంది.

చిన్న మోతాదులో ఇస్తే తవిటిన్ కాపలావాళ్లని నిద్రపుచ్చుతుంది, అంతే. ఒక్కసారి పెద్ద మోతాదులో ఇచ్చి ఆపేస్తే జరిగేది వేరు. కాపలావాళ్లు తమకి తెలిసిందంతా మరిచిపోతారు. అక్కణ్ణుంచి ఇరవై ఒక్క రోజులపాటు ఒంట్లో ఎవరు కనబడితే వాళ్లందర్నీ ఇంటివాళ్లే అనుకుంటారు. ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది. నల్ల మచ్చ ఆ ఇరవై ఒక్క రోజుల్లో ఇంటిది అయిపోయింది, ఇక జీవితాంతం ఏ మందూ మింగక్కర్లేదు. ఆ మాట నాకు నేను చెప్పుకున్నప్పుడు ఒళ్లు ఝల్లుమంది. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో అలా అవడం అదే మొదలు.

తర్వాత ఎనిమిది బోనుల్లో పెద్ద ప్రయోగం పెట్టాం. ఒక్కో బోనులో ఆరేసి తెల్ల ఎలుకలు, అన్నిటికీ వీపున నల్ల చర్మం అతికించినవే. గాలి, నీరు, మేత, ఊక అన్నీ ఆవిరిలో ఉడికించి శుద్ధి చేసినవే. మందిచ్చిన రెండో రోజు పొద్దున నేను వెళ్లేసరికి ఏడో బోనులో ఒక మూల మాసిన ఊక, నమిలిన దూదిపీలికలు కుప్పగా కనబడ్డాయి.

"ఇదెవరు పెట్టారు?"

"నానే ఎట్టినాను," అంది అప్పలనర్సమ్మ, తప్పేం లేదన్నట్టు. "ఈనిన తల్లి బోనులో గూడు తీసి ఇందులో ఏసినాను. ఇయ్యి మళ్లీ పుట్టినట్టే అని నువ్వే అన్నావు గదా. పురిటి బిడ్డకి కొత్త గుడ్డలు కడతారేటి ఎవులైనా? తల్లి పాత సీరే కడతారు. మిగతా బోనుల్లోనూ ఎడదామంటే తల్లి గూడు సరిపోనేదు."

ఆ రోజు నేను అరిచిన అరుపులకి పై అంతస్తు వాళ్లు కిందికి దిగారు. ఎనిమిది నెలల ఏర్పాటు ఒక పిడికెడు ఊకతో మంటగలిసిందన్నాను. బుద్ధుందా అన్నాను. ఏడో బోను ఎలుకల్ని చంపెయ్యమని చెప్పి, పుస్తకంలో 'ఏడు: పాడైంది, తీసేశాం' అని రాసి రెండు గీతలు కొట్టాను. అప్పలనర్సమ్మ కొంగుతో మొహం తుడుచుకుని బోను ఎత్తుకుపోయింది. ఆ తర్వాత దాని సంగతి నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మిగతా ఏడు బోనుల్లో ప్రతి ఎలుక వీపు మీదా దిష్టిచుక్క వేసినట్టు నల్లమచ్చ మొలిచింది.

అప్పటికే తవిటయ్యకి రెండు కిడ్నీలూ పోయాయి. ఉద్దానంలో ఈ జబ్బు కొత్తగా చెప్పాల్సింది కాదు, ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరుంటారు. నలభై నాలుగేళ్లకే వాడు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లి గోడకేసి తిరిగి పడుకునేవాడు. సూది గుచ్చడానికి చేతుల్లో నరం దొరకడం లేదు. నా కిడ్నీ ఇద్దామంటే, ఎన్నోసార్లు రక్తం ఎక్కించడం వల్ల వాడి ఒళ్లు అందరి మీదా కత్తి కట్టి కూర్చుంది. ఎవరి కిడ్నీ పెట్టినా గంటల్లో కాల్చేస్తుందని మార్పిడి చేసే డాక్టర్ సాల్మన్ తేల్చేశాడు. ఆ ఒంటికి పగ మరిపించగల మందు ప్రపంచంలో ఒక్కటే ఉంది. దాని సీసా మీద మనుషులకు వాడరాదని ఎర్ర అక్షరాలున్నాయి.

అనుమతులకి ఏడాది పట్టింది. నేను అక్కని, పైగా కిడ్నీ ఇచ్చేదాన్ని, కాబట్టి నిర్ణయాలన్నీ సాల్మన్ చేతికి అప్పజెప్పాను. కాగితం వచ్చిన రోజునే ఉద్దానం వెళ్లాను. తవిటయ్య తోటలో నులక మంచం మీద ఉన్నాడు. నీలవేణి, మా మరదలు, అరుగు మీద కూర్చుని జీడిగింజలు కొడుతోంది.

"ఎలకలకిచ్చిన మందేనా అప్పా?" అన్నాడు వాడు.

"అదే."

"బతికినాయా?"

"బతికినాయిరా. బాగున్నాయి."

"అయితే ఇచ్చీ. ఎలక కన్నా నానేటి తక్కువా?"

నీలవేణి నవ్వలేదు. జీడి రసంతో చేతులు నల్లబడి ఉన్నాయి, వాటిని చూసుకుంటూ అడిగింది. "వొదినా, నాకొక్కటి సెప్పు. ఆ మందేసినాక ఈయన ఈయనలాగే ఉంతాడా?"

"ఉంటాడమ్మా, ఎక్కడికి పోతాడు?" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పటికీ గుర్తుంది.

పెద్ద మోతాదులో మందు ఎక్కించిన రోజునే నా కిడ్నీ వాడికి పెట్టారు. మర్నాడు నన్ను చక్రాల కుర్చీలో అద్దాల గది దాకా తీసుకెళ్లారు. లోపల తవిటయ్య. వాడి మంచం పక్కన వేలాడే సంచీలోకి గొట్టం గుండా ఒక్కొక్క చుక్కే దిగుతోంది. రెండేళ్లుగా వాడు మూత్రం ఎరగడు. ఆ సంచీని చేత్తో ఎత్తి అద్దానికి ఆనించి, దేవుడి పటం చూపించినట్టు నీలవేణికి చూపించాడు.

"సూడు నీలా! ఉద్దానం అంతటికీ సరిపోతాది!"

మైకులో ఆ మాట వినబడి నేను నవ్వాను. కుట్లు లాగి కళ్లమ్మట నీళ్లు తిరిగాయి. నిన్నటిదాకా నా కడుపులో ఉన్న కండ ముక్క ఇవాళ వాడి కడుపులో వాడి నెత్తురు వడపోస్తోంది. ఎంత చదివినా, దాని లోపలి మర్మం ఎంత తెలిసినా, చేతులు జోడించాలనిపించింది. ఆ మూత్రపు సంచీకే జోడించాను.

మందిచ్చిన తొమ్మిదో రోజు రక్త పరీక్ష నేనే చేశాను. చిన్న చిన్న గుంటలున్న పళ్లెం, ఒక్కో గుంటలో ఒక్కో పాత జబ్బు ఆనవాలు. మనిషి నెత్తురు చుక్క వేస్తే, ఆ జబ్బు వచ్చిపోయినా, టీకా పడినా, ఆ గుంట పసుపు రంగు తిరుగుతుంది. మా వాడికి తట్టు వచ్చింది, నేనే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆటలమ్మ వచ్చింది, వేపమండలు కట్టింది నేనే. మలేరియా, టైఫాయిడు, గవదలు, వాడికి రానిది లేదు. ఆ పళ్లెం పసుపుకొమ్ములా ఉండాలి.

ఒక్క గుంట కూడా రంగు తిరగలేదు. మళ్లీ చేశాను. మళ్లీ తెల్లగానే ఉంది. నలభై ఐదేళ్ల మనిషి నెత్తురు నిన్న పుట్టిన పసిగుడ్డు నెత్తురులా ఉంది. భయం వేసింది. భయం కన్నా ముందు ఆశ్చర్యం కలిగింది. ఒక మనిషి ఒళ్లు తన బతుకంతా తుడిచేసుకుని మళ్లీ మొదటి రోజు దగ్గర నిలబడింది.

ఎలుకల్లో ఈ సంగతి ఎందుకు కనబడలేదో ఆలోచిస్తే నా తెలివితక్కువకి నాకే సిగ్గేసింది. మా ఎలుకలు తాతల కాలం నుంచీ శుద్ధి చేసిన గదుల్లో పుట్టి పెరిగినవి. జలుబు కూడా ఎరగవు. మరిచిపోవడానికి వాటి దగ్గర ఏముంది?

ఆ రోజే శుద్ధి బోనుల్లోంచి ఆరు ఎలుకల్ని తీసి మామూలు గదిలో, మామూలు ఎలుకల పక్కన పెట్టించాను. మూడో రోజుకి ఆరూ చచ్చిపోయాయి. కోసి చూశాను. వాటిని ఏ రోగమూ చంపలేదు. గాలిలోని దుమ్ము, కడుపులో అందరికీ ఉండే సాధు సూక్ష్మజీవులు, వీటి మీదే వాటి ఒళ్లు విరుచుకుపడింది. ఆ మంటలో అదే కాలిపోయింది. ఇరవై ఒక్క రోజుల్లో ఎవర్నీ పరిచయం చెయ్యకుండా తలుపు మూస్తే ఇక లోకంలో అందరూ దొంగలే.

పన్నెండో రోజు. అద్దాల గదిలో అంతా ఉడికించిన గాలి, ఉడికించిన అన్నం. ఇంకా తొమ్మిది రోజుల్లో మా తమ్ముడి తలుపు మూసుకుంటుంది. ఆ తర్వాత వాడు ఆ అద్దాల మధ్యే బతకాలి. లేదా బయటికొచ్చి మూడు రోజుల్లో చావాలి. పోనీ ఇప్పుడే గాలీ ధూళీ వదులుదామంటే, వాటితో పాటు ఒక్క చెడ్డ పురుగు దూరితే, దాన్ని కూడా ఇంటి అల్లుడిలా పీట వేసి కూర్చోబెడుతుంది ఆ ఒళ్లు. జన్మలో దాని మీద చెయ్యెత్తదు.

నీలవేణికి చెప్పాలి కదా. ఆసుపత్రి వరండాలో పాత చీర పరుచుకుని కూర్చుంది. పక్కన చతికిలబడ్డాను.

"నీకు అబద్ధం చెప్పానమ్మా. వాడు వాడిలా లేడు," అని అంతా చెప్పాను. చెబుతూనే ఏడ్చాను.

నీలవేణి నా చెయ్యి పట్టుకుంది. "పురిటి గుడ్డు అయిపోయినాడంతావు. అంతేనా? గుడ్డునైతే పెంచుతాం గదా వొదినా."

లేచి, కడుపు పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ పక్క ఆవరణలోని ఎలుకల గదికి వెళ్లి ముక్కాలి పీట మీద కూలబడ్డాను. అప్పలనర్సమ్మ చచ్చిన ఎలుకల్ని సంచీలో కడుతోంది. నా మొహం చూసి చేతులు కడుక్కుని లోపలి సామాన్ల గదిలోకి పోయింది. చీపుళ్లూ విరిగిన బోనులూ పడేసే గది అది. అక్కణ్ణుంచి తుప్పు పట్టిన బోనొకటి రెండు చేతులా మోసుకొచ్చి నా ముందు దించింది.

లోపల ఎలుకలు. ముసలివి, బలిసి బొద్దుగా ఉన్నవి, నాలుగు. వాటి చుట్టూ పిల్లలు, పిల్లల పిల్లలు. అటుకులు, కొబ్బరి ముక్క, చింకి గుడ్డలు, దుమ్ము. ముసలివాటి నాలుగింటి వీపు మీదా నల్లమచ్చ.

"సంపమన్నావు," అంది తల వంచుకుని. "సెయ్యాడనేదు మేడమ్మా. ఏడాదిన్నరైంది. రెండు ముసలితనాన పోనాయి. మిగిలినయ్యి ఈ చెత్తలోనే ఉన్నాయి, ఏ రోగం నేదు. సెప్తే ఉజ్జోగం పోతాదని ఊరుకున్నాను."

ఏడో బోను. పాడైందని రాసి నేను రెండు గీతలు కొట్టినది. చెయ్యి లోపలికి పెడితే ఒక ముసలి ఎలుక నా వేళ్లు వాసన చూసి మళ్లీ అటుకులు నమలడంలో పడిపోయింది. దాని వీపు మీద పరాయి వెంట్రుకలు, దాని చుట్టూ లోకంలోని దుమ్మంతా, దాని ఒళ్లు దేనితోనూ పోట్లాడటం లేదు. ఒక పిడికెడు మాసిన ఊక వాటికి లోకాన్ని పరిచయం చేసింది. ఇరవై రెండేళ్లుగా నా కళ్ల ముందు బోనులు కడుగుతున్న మనిషికి తెలిసిన ముక్క నాకు తెలియలేదు.

అప్పలనర్సమ్మ కాళ్లకి దణ్ణం పెట్టబోయాను. కుట్లు వంగనివ్వలేదు. "ఓలమ్మో, ఏటిది!" అని నన్నే పట్టుకుంది.

తవిటయ్యకీ అలాగే ఒక పాత గుడ్డతో లోకాన్ని పరిచయం చేద్దామంటే సాల్మన్ ఒప్పుకోలేదు. "ఒక్క బోను, మేడమ్. అదీ పొరపాటున జరిగింది. దాన్ని నమ్ముకుని మనిషి ప్రాణం పణంగా పెట్టమంటారా?"

"శుద్ధిగా చేసినవి ఏడు బోనులున్నాయి. వాటిని నమ్మే ఇక్కడిదాకా వచ్చాం," అన్నాను.

చివరికి తవిటయ్యనే అడుగుదామన్నాడు. మైకులో ఇద్దరం మార్చి మార్చి చెప్పాం. వాడు అంతా విని మంచం మీద బాసింపట్టు వేసుకున్నాడు.

"డాక్టరుగారూ, ఈ గదిలో నూరేళ్లుండమంటే ఉంతాను. కానీ ఇరుగూ నేదు, పొరుగూ నేదు, పెళ్లాం అద్దం అవతల, కన్న గుంటలు అద్దం అవతల. అది బతుకేటి? ఒకపాలి తవుడికి కొన్నారు నన్ను. ఈపాలి గుడ్డకి కొనండి."

గుడ్డ సంగతి వచ్చేసరికి అప్పలనర్సమ్మ నా వైపు తిరిగింది. "తల్లిది కట్టాల. ఆడి కడుపులో ఉన్నది నీ పేగే గదా. నీ పాత సీర తే."

ఇంటికెళ్లి నా బీరువాలోంచి అన్నిటికన్నా పాత చీర తెచ్చాను. దాని ముక్కని పోషక పళ్లెం మీద అద్ది ఒకరోజు వెచ్చగా ఉంచాను. మర్నాడు పొద్దున చూస్తే పళ్లెం అద్దంలా మెరుస్తోంది. ఒక్క చుక్క మొలవలేదు. అప్పలనర్సమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నీ సీర మీద బూజైనా పుట్టదు మేడమ్మా. నీతో లాబం నేదు."

అప్పుడు నీలవేణి తన కింద పరుచుకున్న చీర తీసి ఇచ్చింది. ఒకప్పుడు ఆకుపచ్చది. ఉతికి ఉతికి నీరుకావి రంగుకి వచ్చి, జీడిమరకలతో, చేత్తో ముట్టుకుంటే వెన్నలా ఉంది. "కన్న గుంటలిద్దర్నీ పుట్టినకాడ్నుంచి ఇందులోనే ఎత్తుకున్నాను వొదినా. ఆలకేటీ కానేదు," అంది.

ఆ పళ్లెం మర్నాటికల్లా తిరనాళ్లయింది. పసుపు, తెలుపు, గులాబీ, నారింజ రంగుల్లో నలభై మూడు రకాల చుక్కలు. ఆ పగలూ రాత్రీ కూర్చుని ఒక్కొక్కదాన్నీ పరీక్ష చేశాను. ప్రమాదమైనవాటి జాబితాలో ఉన్నవి ఒక్కటీ లేవు. నలభై రకాలు పేరుపేరునా తెలిసినవే, మనందరి చర్మం మీదా కడుపుల్లోనూ పొలాల్లోనూ ఉండేవే. మూడు మాత్రం ఎవరో తెలియలేదు. వాటిలో ఒకదాని మూత తీసేసరికి తొలకరి వాన వాసన గుప్పున కొట్టింది. సున్నం చల్లినట్టు తెల్లగా ఉంది. వేరే పరీక్ష చెయ్యక్కర్లేకపోయింది. తవిటిన్‌ని తయారుచేసే జీవి అదే. వాడి ఒంటి జ్ఞాపకాల్ని తుడిచినది, ఇన్నేళ్లుగా వాడి పెళ్లాం కొంగున వాడింట్లోనే తిరుగుతోంది.

మిగిలిన రెండూ ఎవరో ఇప్పటికీ తెలియదు. ఆ రెండింటి కోసం ఆపాలా? ఆపితే ఆరు రోజుల్లో తలుపు మూసుకుంటుంది. ఆ చీరలో పసిగుడ్లు ఇద్దరు పడుకుని లేచారన్నది తప్ప నా దగ్గర రుజువు లేదు. సంతకం పెట్టాల్సింది సాల్మన్. పేపరు ముందు పెట్టుకుని నా మొహంలోకి చూశాడు.

"మీ తమ్ముడు కాకపోతే కూడా ఇదే చెబుతారా?"

"మా తమ్ముడు కాబట్టే ఇంత తటపటాయిస్తున్నాను," అన్నాను. "లేకపోతే ఎప్పుడో చెప్పేదాన్ని."

పదిహేనో రోజు పొద్దున సంతకం అయింది. చీరని గోడలోని రెండు తలుపుల గూట్లోంచి లోపలికి పంపాం. తవిటయ్య దాన్ని విప్పి, మొహానికి అద్దుకుని గట్టిగా వాసన పీల్చాడు.

"అప్పా, మన తోట వాసనొస్తన్నాది," అన్నాడు.

పదిహేడో రోజు నూట రెండు జ్వరం వచ్చింది. మూత్రం తగ్గింది. సాల్మన్ నాతో మాట్లాడటం మానేశాడు. ఆ రెండు పేరులేని చుక్కల్ని నేను పళ్లెంలో చూస్తూ తిట్టుకుంటూ కూర్చున్నాను. వాడు చీర కప్పుకుని వణుకుతూనే మైకులో నీలవేణి చేత పిల్లల బడి కబుర్లు చెప్పించుకున్నాడు. పందొమ్మిదో రోజు జ్వరం దిగింది, గొట్టంలో మళ్లీ చుక్కలు మొదలయ్యాయి. తట్టు, ఆటలమ్మ లాంటి పాత శత్రువులకి మళ్లీ చిన్నపిల్లవాడిలా టీకాలు వేయించుకోవాలని, ఏడాది పాటు జలుబులు తప్పవని సాల్మన్ చెప్పాడు. రెండు రోజుల తర్వాత ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

ఇరవై రెండో రోజు పొద్దున పదింటికి అద్దాల గది తలుపు తీశాం. తీసిన గంటలో ఒళ్లు కాలడం మొదలవకపోతే గండం గడిచినట్టే. ఎలుకల్లో మొదట కనిపించింది తుమ్ములు, తర్వాత దద్దుర్లు, తర్వాత ఊపిరాడకపోవడం. సూదిమందులు సిద్ధంగా పెట్టుకుని ఇద్దరు నర్సులు, సాల్మన్, నేను నిలబడ్డాం. చేతి తొడుగులు నేను వేసుకోలేదు. గుమ్మం అవతల నీలవేణి, ఆవిడ వెనక అప్పలనర్సమ్మ.

వరండాలో గాలి లోపలికి వచ్చింది. ఫినాయిలు, ఎవరి క్యారేజీలోదో పప్పుచారు, ఊడ్చిన దుమ్ము, దూరాన సముద్రం, అన్నీ కలిసిన మామూలు గాలి. తవిటయ్య నీరుకావి చీర భుజాన వేసుకుని కూర్చున్నాడు. వాడి ముక్కు చిట్లింది. మొహం ముడుచుకుపోయింది. నోరు తెరిచాడు.

గట్టిగా తుమ్మాడు.

సాల్మన్ చెయ్యి సూదిమందు మీదికి పోయింది. నర్సు మొహం పాలిపోయింది. రెండో తుమ్ము కోసం అందరం వాడి ముక్కు వైపే చూస్తున్నాం.

"సిరంజీవ!" అంది గుమ్మంలోంచి అప్పలనర్సమ్మ, పసిపిల్లలకి అన్నట్టే.

రెండో తుమ్ము రాలేదు. నేను వాడి మెడ మీద చెయ్యి వేసి చూశాను. చల్లగా ఉంది. దద్దుర్లు లేవు. ఊపిరి మెల్లగా, మామూలుగా ఆడుతోంది. లోకంలోని దుమ్మంతా వాడి లోపలికి వెళ్లింది, లోపల ఎవరూ కర్ర ఎత్తలేదు.

"ఏటప్పా అలగ సూస్తన్నారు అందరూ?" అన్నాడు తవిటయ్య ముక్కు తుడుచుకుంటూ. "దుమ్ముకి తుమ్మొచ్చింది. ఆకలేస్తన్నాది, ఆ పప్పుచారెవులిదో అడుగు."

నీలవేణి గుమ్మం దాటి లోపలికి వచ్చింది.